ఎడమవైపు కట్టె

పొయ్యి అడుగు అర లాగేసరికి బూడిద గుప్పున లేచి సంగిన్ గడ్డం మీదా, దూదికోటు మీదా పడింది. తుడుచుకోలేదు. ముందు తలుపువైపు చూశాడు, తర్వాత కిటికీవైపు చూశాడు. కిటికీకి అద్దం లేదు. ఏ దేశంవాళ్ళో దయతలచి పంపిన ప్లాస్టిక్ పట్టా కొట్టి ఉంది. దాని వెనకాల మనిషి నిలబడితే నీడ తెలుస్తుంది గానీ మొహం తెలియదు. నీడ ఏదీ లేదని తేల్చుకున్నాక బూడిదలో వేళ్ళు పెట్టాడు.

కట్టె బూడిద తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఇది నల్లగా, పొరలుపొరలుగా ఉంది. వేళ్ళకి తగిలినవి ఒక్కొక్కటే ఏరాడు. సన్నటి ఇనప పిన్నులు పదో పన్నెండో, సగం కాలిన అట్టమూల ఒకటి. అన్నీ కోటు లోపలి జేబులో వేసుకుని పైనుంచి అరచేత్తో నొక్కుకున్నాడు. బడిలో ఏడు పొయ్యిలున్నాయి. ఆరింటిని వారం కిందటే శుభ్రం చేశాడు. ఒకటో తరగతి గదిలోని ఈ ఇటుక పొయ్యిని మాత్రం ఇక తప్పని రోజుదాకా వాయిదా వేస్తూ వచ్చాడు. ఆ రోజు ఇవాళ వచ్చింది.

బకెట్ ఎత్తబోతే ఎడమ భుజంలోంచి మోచేతిదాకా పీకింది. నాలుగు రోజులుగా ఇదే వరస. బకెట్ కుడిచేతికి మార్చుకున్నాడు. అరవై ఏడేళ్ళవాడు, పొట్టివాడు, మెడ ఉందా లేదా అనిపించేటంత గూని. ఇరవై ఆరు చలికాలాలు పొయ్యిల ముందు వంగి వంగి ఆ వంపు అలాగే నిలిచిపోయింది. కనుబొమలు ఎప్పుడు చూసినా సగం కమిలి ఉండేవి. ఆ రోజుల్లో బడి అంటే ఊళ్ళోవాళ్ళకి హెడ్మాస్టరు గుర్తొచ్చేవాడు, లెక్కల మాస్టారు గుర్తొచ్చేవాడు. సంగిన్ ఎవరికీ గుర్తొచ్చేవాడు కాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. యుద్ధం ఒకరిని మింగింది, ఇంకొకరిని ఎక్కడికో తరిమింది. పాత సిబ్బందిలో ఊళ్ళో మిగిలింది పొయ్యివాడొక్కడే.

"తాతా, ఇంకా ఈ పొయ్యే పట్టుకుని కూచున్నారా?" అంటూ మవ్‌జూద గుమ్మంలోకి వచ్చింది. కొత్త హెడ్మిస్ట్రెస్. పట్నం నుంచి వచ్చి మూడు నెలలైంది. రబ్బరు బూట్లు వేసుకుని, కొంగున సుద్దముక్కలు మూటగట్టుకుని తిరుగుతుంది.

"దీనికి బూడిదెక్కువ."

"ఆరేళ్ళు వెలిగించని పొయ్యికి బూడిదెక్కువేంటి?"

సంగిన్ ఆమెకేసి తలెత్తి చూశాడు. ఊరికే అందా, ఏదైనా తెలిసి అందా? మూడు నెలలుగా ఆమె మంచిదే అనడానికి వంద కారణాలు చూశాడు. అయినా నమ్మబుద్ధి కాలేదు. నమ్మడం అనే అలవాటు అతనికి యుద్ధం నాటి ఆ శీతాకాలంతోనే పోయింది.

"అంటే, చలిమంట వేసుకున్నారేమో ఎవరో," అని ఊరుకున్నాడు.

ఆమె పట్టించుకోలేదు. బల్ల మీద రొట్టె, పచ్చ టీ పెట్టి విషయం చెప్పింది. సోమవారం బడి తెరవాలి. పత్తితీత అయిపోయింది, పిల్లలందరూ చేలోంచి ఇళ్ళకొచ్చేశారు. ఇవాళ శనివారం, సాక్ష్యాలకి ఆఖరి రోజు. ఒకటో తరగతిలో ముప్పై ఒక్క మంది పేర్లిచ్చారు, వాళ్ళకి టీచరు లేదు. సాయంత్రంలోగా పది తరగతులు చదివిన మనిషిని చూపించకపోతే ఆ తరగతి రద్దు. ముప్పై ఒక్క మందినీ తొమ్మిది కిలోమీటర్ల అవతలి బడికి పొమ్మంటారు.

"పోతారంటారా, తాతా?"

"మగపిల్లలు పదిరోజులు పోతారు. ఆడపిల్లలు ఒక్కరోజు కూడా పోరు."

"మధ్యాహ్నం ఒకమ్మాయి వస్తుంది. పదీ చదివానంటోంది. మీరే చూసి చెప్పాలి." వెళ్ళబోతూ ఆగింది. "కాస్త మెత్తగా మాట్లాడండి. మీ ముందు నిలబడితే దొంగతనం చేసినట్టు ఉంటుందని బయట చెప్పుకుంటున్నారు."

సంగిన్ సాక్ష్యం సంగతి ఆ లోయలో అందరికీ తెలిసిందే. ఆ యుద్ధంలో బడి కప్పు కాలిపోయింది. రిజిస్టర్లన్నీ ఆ మంటల్లోనే పోయాయని అందరూ అనుకుంటారు. ఇళ్ళు కూడా కాలాయి గనక సర్టిఫికెట్లు దాచుకున్నవాళ్ళకీ అవి దక్కలేదు. నది దాటి పరాయి దేశంలో గుడారాల్లో తలదాచుకున్న జనం, సంధి కుదిరాక తిరిగొచ్చి, మేం ఇంత చదివాం, అంత చదివాం అంటే దానికి రుజువు లేదు. కాగితం లేనివాడికి లైసెన్సు లేదు, నర్సు కావాలన్నా లేదు, టీచరు కావాలన్నా లేదు. చివరికి విద్యాశాఖవాళ్ళు ఒక దారి పెట్టారు. ఆ ఏళ్ళలో బడిలో పనిచేసిన మనిషి ఎవరైనా వచ్చి, ఇతను ఇన్ని తరగతులు చదివాడని చెప్పి సంతకం పెడితే చాలు. అలాంటి మనిషి కోసం వెతికితే సంగిన్ దొరికాడు.

అతనికి అక్షరాలు అంతంత మాత్రమే. ఎవరికెన్ని మార్కులొచ్చాయో తెలియదు. కానీ ఆ బడిలో చలికాలం ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ పొద్దున్నే ఒక కట్టె చేత పట్టుకుని రావాలి. కట్టె లేనివాళ్ళు పత్తికట్టె కట్ట తెచ్చేవారు, అదీ లేకపోతే పిడక. గేటు పక్క కొట్టం ముందు సంగిన్ నిలబడేవాడు. అతని కళ్ళ ముందే కుప్పలో పెట్టి లోపలికి పోవాలి. ఇరవై ఆరేళ్ళలో అతను పిల్లల మొహాలకన్నా వాళ్ళ చేతులే ఎక్కువ చూశాడు. ఎవరిది మల్బరీ, ఎవరిది పగిలిన తలుపుచెక్క, ఎవరు రోజూ పక్కవాడి కట్టె విరిచి సగం తెచ్చుకుంటారు, అన్నీ అతనికి గుర్తే. కాబట్టి అతను అడిగే ప్రశ్న ఒక్కటే. "బడికి ఏం తెచ్చేవాడివి?"

విద్యాశాఖ ఆఫీసరు ఇజ్జతుల్లో పదకొండింటికి జీపులో వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కళ్ళజోడు ఒక అద్దం పగిలితే జిగురు కాగితం అంటించుకున్నాడు. మనిషిని చూసేటప్పుడు ఆ అద్దాన్ని తప్పించి తల వంచి రెండో దాంతో చూస్తాడు. యుద్ధంలో ఇతను ఏ వైపువాడో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అదే సంగిన్‌కి నచ్చదు.

"పెద్దాయనా, మొన్నటిదాకా నూట నలభై ఒక్కమందికి సాక్ష్యం చెప్పావు," అన్నాడు ఇజ్జతుల్లో, ఫైలు బల్లమీద పరుస్తూ. "ఒక్కడికి కూడా లేదనలేదేం?"

"లేదన్నవాళ్ళు మీదాకా రాలేదండి. గేటు దగ్గరే వెనక్కి పంపించేశా."

"ఈ కట్టెలేంటి?" పొయ్యి పక్కన పడి ఉన్న రెండు దుంగల్ని బూటుతో కదిపాడు. "వచ్చిన ప్రతివాడూ నీకు కట్టె తెస్తున్నాడంట."

"నాక్కాదు, బడికి. కట్టె లేకుండా ఈ బడికెవడొచ్చాడు గనక? వాళ్ళకదే అలవాటు."

"పై ఆఫీసులో దాన్ని అలవాటనరు, లంచమంటారు." ఇజ్జతుల్లో నవ్వలేదు. "చూడు. నీ మాట మీద ఇంతమంది బతుకులు నిలబడున్నాయి. అందులో ఒక్కటి అబద్ధమని తేలినా, ఒక్కటే, మొత్తం జాబితా కొట్టేస్తాను. నూట నలభై ఒకటీ. నాకిష్టముండి కాదు, రూలలా ఉంది."

సంగిన్ తలూపి పియాలాలో టీ పోసి ముందుకు జరిపాడు. ఆఫీసరు ముట్టుకోలేదు. విషం కలిపానని అనుకుంటున్నాడు కాబోలు అనుకుని, అదే టీ సంగిన్ తాగేశాడు.

మొదట వచ్చినవాడు సైద్‌మురోద్. లారీ క్లీనరు, డ్రైవరు కావాలని ఆశ. ఎనిమిది తరగతులు చదివానన్నాడు.

"ఏం తెచ్చేవాడివి?"

"మల్బరీ దుంగ, తాతా. మంచి లావుది."

"మల్బరీయే. నిజమే. ఎక్కణ్ణించి తెచ్చేవాడివి?"

సైద్‌మురోద్ ఆఫీసరుకేసి చూశాడు.

"నే చెప్పనా? వెనక గోడ దూకి, నా కుప్పలోంచే లాగి, చుట్టూ తిరిగి ముందు గేటులోంచి పట్టుకొచ్చేవాడు. మూడు చలికాలాలు అదే దుంగ. దాని మీద నేను గొడ్డలిగాటు పెట్టుంచాను, అందుకే దాన్ని కాల్చలేదు. వీడు ఎన్నాళ్ళు సాగదీస్తాడో చూద్దామని."

"తెలిసీ తిట్టలేదా, తాతా?" అన్నాడు సైద్‌మురోద్ నిజంగానే నొచ్చుకుని.

"ఇంట్లో కట్టె ఉంటే గోడెందుకు దూకుతావు? రాసుకోండి ఆఫీసరుగారూ, ఎనిమిది చదివాడు. ఎనిమిదో ఏడు కూడా దూకాడు."

ఆఫీసరు పెదవి చివర ఏదో కదిలి మాయమైంది. రాసుకున్నాడు. సైద్‌మురోద్ వంగి తను తెచ్చిన కట్టెని పొయ్యి దగ్గర పెట్టాడు. ఈసారిది సొంతదే. నూట నలభై రెండు.

తర్వాత రావలసిన ఇద్దరు రాలేదు. మధ్యాహ్నం నమాజు వేళ దాటాక ఆ అమ్మాయి వచ్చింది. తలగుడ్డ కనుబొమల మీదికి దించి కట్టుకుంది. చేతిలో అడుగున్నర పొడవు జర్దాలు పండ్లచెట్టు కట్టె. బెరడు ఎర్రగా, చివర రంపంతో నున్నగా కోసి ఉంది. ఆ కోత చూడగానే సంగిన్‌కి పేరు నాలుక మీదికొచ్చింది. వడ్రంగి బిడ్డలు. ఆ వీధిలో నలభై ఇళ్ళుండేవి, ఒక్క కుటుంబమూ తిరిగి రాలేదు.

"పేరు?" అన్నాడు ఇజ్జతుల్లో.

"జులైఖో. వడ్రంగి నజ్రుల్లో పెద్దకూతుర్ని. పది పూర్తిచేశాను, యుద్ధం ముందటి వేసవిలో."

"ఏం తెచ్చేదానివి?" అన్నాడు సంగిన్.

"జర్దాలు కట్టె, తాతా. నాన్న పనిలో మిగిలిన ముక్కలు. ఎప్పుడైనా పని లేకపోతే రంపపు పొట్టు సంచీలో తెచ్చేదాన్ని. పొట్టు తెస్తే మీరు తిట్టేవారు, గుప్పున మండి ఊరుకుంటుందని."

అంతా నిజమే. పొట్టు తిట్టు కూడా నిజమే. అతను ఊపిరి తీసుకుని ఇంకేం అడగాలా అని చూస్తుంటే, ఆమె వంగి కట్టెని పొయ్యి తలుపుకి కుడివైపున పెట్టింది. కుడిచేత్తో, కుడివైపున. సంగిన్ చూపు ఆ చేతి దగ్గరే ఆగిపోయింది. వడ్రంగి పెద్దకూతురిది ఎడమచేతివాటం. పదేళ్ళు, ఒక్కరోజు తప్పకుండా, కుప్పకి ఎడమపక్కనే పెట్టేది. మిగతా పిల్లల కట్టెలన్నీ ఒకవైపుంటే జర్దాలు ముక్క ఒక్కటీ ఇటువైపు ఉండేది. దాన్ని కుప్పలో కలపడం అతనికి రోజూ ఒక అదనపు పని.

లేచేటప్పుడు ఆమె చెమట తుడుచుకోవడానికి తలగుడ్డ కాస్త జరిపింది. కుడి కనుబొమ మీద సన్నటి నీలి గీత కనిపించింది.

బయట జీపు డ్రైవరు పిలిచాడు, రేడియేటరు కారుతోందని. ఇజ్జతుల్లో ఫైలు మూసి చంకలో పెట్టుకుని బయటికెళ్ళాడు. పోతూ పోతూ ఇద్దరికేసీ ఒకసారి చూశాడు. సంగిన్‌కి అనుమానం పట్టుకుంది. రేడియేటరు నిజంగా కారుతోందా? ఈ అమ్మాయిని ఇతనే పంపాడా? ఒక్క అబద్ధం చాలు అన్నాడు కదా. ఆ ఒక్కదాన్నీ తనే తయారుచేసి తెచ్చుకున్నాడా?

"కట్టెల కుప్ప మీంచి పడ్డావు," అన్నాడు గొంతు తగ్గించి. "రెండో తరగతిలో. నెత్తురు ఆగకపోతే వేడి బూడిద అద్దింది నేనే. ఆ బూడిద చర్మంలో ఉండిపోయి ఆ నీలి గీత పడింది. నువ్వు హోసియత్‌వి. చిన్నదానివి."

ఆమె వేళ్ళు తలగుడ్డని మళ్ళీ కిందికి లాగాయి.

"అక్కేది?"

"నది అవతలుంది."

"వస్తుందా?"

"రాదు, తాతా. మూడో చలికాలంలో జ్వరమొచ్చింది. అక్కడే పెట్టేశాం."

కిటికీ పట్టా మీద నీడ పడింది. సంగిన్ చెయ్యెత్తి ఆమెని ఆపాడు. నీడ ఆగింది, కదిలింది, పట్టా అంచు పట్టుకుని లాగింది. చివరికి మేక గడ్డం కనిపించింది. సంగిన్ చువ్వతో గోడమీద కొట్టి దాన్ని అదిలించాడు.

"నిన్నెవరు పంపారు? నిజం చెప్పు. ఆ ఆఫీసరా?"

"ఆయన్ని నేనిదే చూడ్డం. నన్నెవరు పంపుతారు తాతా? అక్క అక్కడ గుడారంలో నలభై మందికి చదువు చెప్పేది, బొగ్గుముక్కతో గుడారం గుడ్డ మీదే రాసి. పై తరగతులు నాకూ తనే చెప్పింది. తను పోయాక ఆ పిల్లలకి నేను చెప్పా, రెండేళ్ళు. ఈ పని నాకొచ్చు. నా పేరు మీదైతే ఏడే తరగతులు." ఆగి ఆగి మాట్లాడుతోంది. "నా పేరు మీదే పరీక్ష కడతానని మొన్న పై ఆఫీసుకెళ్ళి అడిగా. పాత మార్కులు రిజిస్టర్లో ఉంటేనే కట్టనిస్తామన్నారు. మీరు చదివానని చెప్పగలరు, మార్కులు చెప్పలేరు కదా. రిజిస్టర్లుంటే చచ్చిన అక్క పేరు పెట్టుకోవాల్సిన ఖర్మ నాకెందుకు? రేపట్నుంచి నన్ను హోసియత్ అని పిలిచేవాళ్ళే ఉండరు. ఆ రిజిస్టర్లు తగలబెట్టినవాడి చేతులు పడిపోను."

ఆ తిట్టు ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. సంగిన్ ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

ఆరేళ్ళ కిందట, ఇలాంటి నవంబరు మధ్యాహ్నమే, పక్క ఊరినుంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఒక మాట చెప్పారు. తుపాకులవాళ్ళు పంచాయతీ ఆఫీసులో ఇళ్ళ పుస్తకం పట్టుకున్నారు. అందులో పేర్లు చదువుకుంటూ గడపగడపకీ వెళ్ళారు. తండ్రి ఏ లోయవాడో, ఎక్కడ పుట్టాడో చూసి మరీ మనుషుల్ని బయటికి లాగారు. ఆ మాట విన్న సంగిన్‌కి బడి బీరువా గుర్తొచ్చింది. ప్రతి రిజిస్టరులోనూ పిల్లల పేరు పక్కనే తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఇంటి నంబరు. ఎవరినీ అడగలేదు. అడగడానికి బడిలో ఎవరూ మిగల్లేదు. బీరువా తాళం విరగ్గొట్టి, ఒకటో తరగతి గదిలో ఈ పొయ్యి ముందు కూర్చుని, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఒక్కొక్కటే చింపి లోపల వేశాడు. అట్టలు ఒక పట్టాన కాలలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఎవరి కట్టెతో వాళ్ళకి వెచ్చదనం ఇచ్చిన పొయ్యిలోనే వాళ్ళందరి పేర్లూ వేశాడు.

తుపాకులవాళ్ళు రెండు రోజులకి వచ్చారు. కిటికీ అద్దాలు ఊడదీసుకున్నారు, సైన్సు గదిలో త్రాసు పట్టుకుపోయారు, పోతూ కప్పుకి నిప్పు పెట్టారు. రిజిస్టర్ల మాట అడగనే లేదు. బీరువావైపు కూడా చూడలేదు. అవి ఉంటే చూసేవాళ్ళా? చూసేవాళ్ళేనేమో. చూసేవాళ్ళు కాదేమో. ఈ ఆరేళ్ళలో ఆ ప్రశ్నని అతను తిప్పని పక్క లేదు. తను కాపాడాడో, పాడుచేశాడో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఊళ్ళో ఎవరు తనకేసి రెండు క్షణాలు ఎక్కువ చూసినా, తెలిసిపోయిందా అని ఉలిక్కిపడడం మాత్రం మిగిలింది. ఎవరినీ నమ్మడని అతన్ని ఎగతాళి చేసేవాళ్ళకి, అతను అందరికన్నా తక్కువ నమ్మేది తన్నేనని తెలియదు.

"చెప్పేస్తారా, తాతా?" అంది హోసియత్.

జవాబు చెప్పేలోగా ఇజ్జతుల్లో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. చేతులకి నిజంగానే గ్రీజు ఉంది. కూర్చుని ఫైలు తెరిచి, పెన్ను అమ్మాయికిచ్చి సంతకం పెట్టమన్నాడు. ఆమె కుడిచేత్తో నెమ్మదిగా అక్క పేరు రాసింది.

"పెద్దాయనా, ఏమంటావు?"

సంగిన్ ఆమెకేసి చూడలేదు. బయట వరండాలో మవ్‌జూద నిలబడి వినడం అతనికి తెలుస్తూనే ఉంది. నూట నలభై రెండుమంది ఒకవైపు, ముప్పై ఒక్కమంది ఒకవైపు.

"జులైఖోయే. పదీ చదివింది."

"ఇందాక అంత కథ చెప్పావు, మల్బరీ, గోడ అంటూ. ఈమె గురించి ఏమీ లేదా?"

"ఉంది. ఎడమచేతివాటం పిల్ల. కట్టె ఎప్పుడూ ఎడమపక్కనే పెట్టేది."

చెప్పాక గానీ నాలుక కరుచుకోలేదు. ఇరవై ఆరేళ్ళ నిజం చెప్పే అలవాటు, అబద్ధం మధ్యలో కూడా నిజాన్నే బయటికి తోసింది. ఇజ్జతుల్లో తల వంచి మంచి అద్దంలోంచి సంతకాన్ని చూశాడు, ఆమె చేతిని చూశాడు.

"ఇప్పుడు కుడిచేత్తో పెట్టిందే?"

"మన బడుల్లో ఎడమచేత్తో ఎవర్ని రాయనిచ్చారండి? వేళ్ళమీద కొట్టి మరీ మార్పించేవారు. రాత కుడిచేతిది, కట్టె ఎడమచేతిది."

ఇజ్జతుల్లో తన ఎడమచేతి వేళ్ళు ఒకసారి ముడిచి విప్పాడు. తర్వాత ఫైలు కట్టేశాడు.

"నూట నలభై మూడు. కానీ ఈ జులైఖో పేరు నేనెక్కడో చూశాను. అవతలి గుడారాల నుంచి వచ్చిన కాగితాల్లో. ఏ జాబితానో గుర్తు రావడం లేదు, వెతికిస్తాను. సోమవారం పొద్దున్న నువ్వు ఆఫీసుకొచ్చి, ఆ జాబితా ముందు పెట్టుకుని, ఈ మాటే మళ్ళీ చెప్పు. అప్పుడు ముద్ర వేస్తాను. పొయ్యి కూడా ఓసారి వెలిగించి చూడు, పొగ ఎదురుతంతే పిల్లలు కూచోలేరు. రేపు ఇటు పనుంది, చూసి పోతాను."

జీపు వెళ్ళిపోయింది. హోసియత్ అతని కోటు చెయ్యి పట్టుకుంది. "సోమవారం ఏం చేస్తారు, తాతా?"

"సోమవారం సంగతి సోమవారం. నువ్వు వెళ్ళి పలకలు తుడుచుకో." తర్వాత, ఎందుకో తెలియకుండానే, "హోసియత్," అన్నాడు. ఆమె వెనక్కి తిరిగింది. "ఏం లేదు. ఊరికే పిలిచా."

గది ఖాళీ అయ్యాక కట్టె గుర్తొచ్చింది. పొయ్యి తలుపుకి కుడివైపున, నున్నటి కోత ఇటు తిప్పి, జర్దాలు ముక్క పడి ఉంది. ఆఫీసరు ఇందాక దాన్ని చూశాడా? చూసి ఉండడు. రేపొస్తానన్నాడు గనక రేపు చూస్తాడు. అలాంటి మనిషి తప్పకుండా చూస్తాడు. సంగిన్ వంగి దాన్ని ఎడమచేత్తో తీయబోయాడు. చెయ్యి మాట వినలేదు. కుడిచేత్తో తీసి, మోకాళ్ళ మీద జరుగుతూ పొయ్యికి ఎడమవైపుకి వెళ్ళి, వడ్రంగి పెద్దకూతురు పెట్టేలాగే, గోడకి ఆనించి పడుకోబెట్టాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

ఇక మిగిలింది పొయ్యి వెలిగించడం. పత్తికట్టె విరిచి అడుగున పేర్చాడు, దాని మీద మిగతా దుంగలు, అన్నిటికన్నా పైన సైద్‌మురోద్ తెచ్చింది. జేబులోంచి అట్టమూల తీసి అగ్గిపుల్లతో అంటించాడు. ఈసారి అది వెంటనే అందుకుంది. మొదట కాస్త పొగ గదిలోకి తన్నింది, ఆ తర్వాత గొట్టం గుక్కతిప్పుకుని పొగనంతా పైకి లాక్కుంది. పొయ్యి ఇటుకలు టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు వినక ఆరేళ్ళైంది. సంగిన్ బెంచీ మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి, ఆ చప్పుడే వింటూ ఉన్నాడు. వెచ్చదనం ముందు మోకాళ్ళకి తెలిసింది, తర్వాత పొట్టకి. చెయ్యి నొప్పి తగ్గినట్టే అనిపించింది.

పొద్దు వాలుతుండగా మవ్‌జూద వెచ్చటి రొట్టె తెచ్చి, "పొగ రావడం లేదు, తాతా," అంది సంతోషంగా. జవాబు రాలేదు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆమెకి తెలియలేదు. అప్పటికి నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే పాతిపెట్టారు. శవాన్ని కడిగినవాళ్ళకి కోటు జేబులో తుప్పు పట్టిన పిన్నులు దొరికితే, పొయ్యివాడి జేబులో ఇవెందుకో అర్థంకాక పారేశారు. మోయడానికి ఊరు ఊరంతా వచ్చింది. యుద్ధంలో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు కూడా పాడె కింద భుజం మార్చుకున్నారు. సైద్‌మురోద్ స్మశానందాకా ఎవరికీ భుజం వదల్లేదు.

ఇజ్జతుల్లో మట్టి వేసి బడికి వచ్చాడు. ఒక్కడే ఒకటో తరగతి గదిలోకి వెళ్ళాడు. మవ్‌జూద గుమ్మంలో నిలబడింది. హోసియత్ ఆమె వెనకాల గోడకి అంటుకుపోయింది. ఆఫీసరు చల్లారిన పొయ్యిని చూశాడు, తెల్లటి బూడిదని చూశాడు, కుడివైపు ఖాళీ నేలని చూశాడు. తర్వాత ఎడమవైపున్న కట్టెని చూశాడు. దాన్ని పట్టుకుని తిప్పి, మళ్ళీ ఎక్కడిదక్కడే పెట్టేశాడు. నేలమీద పేరుకున్న బూడిదలో కుడినుంచి ఎడమకి మోకాళ్ళు ఈడ్చిన రెండు చారలు ఉన్నాయి. వాటిని దాటి వచ్చేటప్పుడు ఆయన బూట్లు ఎందుకో చారల మీదే పడ్డాయి, ఒకటికి రెండుసార్లు.

"సాక్షి పోయాడు," అన్నాడు మవ్‌జూదతో, ఫైలు మీద ముద్ర వేస్తూ. "పోయినవాడి మాటని మళ్ళీ అడగడానికి మాకు రూలు లేదు. నూట నలభై మూడూ ఉంటాయి." గుమ్మం దాటుతూ గోడ దగ్గరున్న అమ్మాయితో, "రేపు టైముకి రండి, టీచరమ్మా," అన్నాడు. పేరు మాత్రం పలకలేదు.

సోమవారం ముప్పై ఒక్కమంది పిల్లలు వచ్చారు. ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక కట్టె ఉంది. ఎవరు చెప్పారో తెలియదు, అన్నీ పొయ్యికి కుడివైపునే పేర్చారు. ఆ చలికాలం కుడివైపు కుప్ప రోజూ పెరిగింది, రోజూ తరిగింది. ఎడమవైపు గోడకి ఆనించిన జర్దాలు కట్టె మాత్రం, నున్నటి కోత గదివైపు తిప్పుకుని, పెట్టింది పెట్టినట్టే ఉంది.